రేవుకు చేరిన పాట

ఒక పాట ఎక్కడ పుట్టిందో తెలుసుకోవడం కష్టం కాదు. అది మన దాకా ఎలా వచ్చింది, వస్తూ ఏం తెచ్చుకుంది, దారిలో ఏం వదిలేసింది అన్నవే కష్టమైన ప్రశ్నలు. మన సాహిత్య విమర్శ జానపద గేయాల విషయంలో ఈ ప్రశ్నలు అడిగింది. పదాల విషయంలో అడిగింది. సినిమా పాటల విషయంలో కొంతవరకు అడిగింది. ఇవాళ మన పిల్లల నోళ్లలో ఆడుతున్న విదేశీ పాటల విషయంలో మాత్రం అడగలేదు. "అదొక వెర్రి" అని ఒక్క మాట అనేసి ఊరుకుంటున్నాం. నేనూ నిన్నమొన్నటి దాకా అలా ఊరుకున్నవాణ్ణే.

నేను దివిసీమలో ఒక ఉన్నత పాఠశాలలో తెలుగు చెబుతాను. కాపురం బందరులో. ఒకరోజు మధ్యాహ్న భోజనాలయ్యాక తొమ్మిదో తరగతి పిల్ల ఒకతె కుళాయి దగ్గర పళ్లెం కడుక్కుంటూ కూనిరాగం తీస్తోంది. మొదట మాటల్లేని ఆలాపన. తరవాత మాటలు వచ్చాయి. అవి తెలుగు కావు, హిందీ కావు, ఇంగ్లీషు అసలే కావు. దగ్గరికి వెళ్లి అడిగాను.

"ఏం పాటమ్మా అది?"

"జపాను పాట సార్."

"ఎవరు నేర్పారు?"

"ఎవరూ నేర్పలేదు సార్. ఫోన్లో దానంతటదే వచ్చింది."

"అర్థం తెలుసా?"

"తెలీదు సార్. బాగుంటుంది."

ఆ ఆదివారం గుడివాడలో ఒక సాహిత్య సమావేశానికి వెళ్లినప్పుడు ఈ ముచ్చట చెప్పాను. పెద్దవారు ఒకరు నొచ్చుకున్నారు. "వేమన పద్యం నోరు తిరగని పిల్లలకు జపాను పాటలా? ఇది మార్కెట్టు చేస్తున్న దాడి కాక మరేమిటి?" అన్నారు. ఆయన బాధలో నిజం లేకపోలేదు. కాని బస్సులో తిరిగి వస్తుంటే నాకొక సందేహం పట్టుకుంది. వినకుండా తీర్పు చెప్పడం విమర్శ ఎలా అవుతుంది? ఆ పిల్ల నాకు మూడు జవాబులు చెప్పింది. పాట దానంతటదే వచ్చింది, అర్థం తెలియదు, అయినా బాగుంటుంది. ఈ మూడింటినీ విడివిడిగా పరిశీలించాలనిపించింది. ఆ పరిశీలనే ఈ వ్యాసం.

1

ముందుగా "దానంతటదే వచ్చింది" అన్న మాట. ఏ పాటా దానంతటది రాదు. ఎవరో మోసుకురావాలి. మా పెద్దల కాలంలో కొత్త పాటను నాటక సమాజాలు మోసుకొచ్చాయి, గ్రామఫోను పళ్లేలు మోసుకొచ్చాయి, 1948లో మొదలైన విజయవాడ రేడియో కేంద్రం మోసుకొచ్చింది, సినిమా హాలు ముందు అమ్మే పాటల పుస్తకాలు మోసుకొచ్చాయి. ప్రజానాట్యమండలి దళాలు పాటను నడిచి మోసుకొచ్చాయి. నేను గుడివాడలో డిగ్రీ చదివే రోజుల్లో ఆ పని కాసెట్ల కొట్టు చేసేది. కొత్తగా ఏం వచ్చిందని అడిగితే కొట్టతను రెండు పాటలు వినిపించేవాడు. అతని అభిరుచి, అతని లాభం, మన జేబులోని డబ్బు మూడూ కలిస్తే ఒక పాట మన ఇంటికి వచ్చేది. మోసుకొచ్చినవాడి మొహం మనకు తెలుసు. ఇది ఎవరిది, ఏ సినిమాలోది, ఎందుకు రాశారు అని అడిగే వీలుండేది.

ఇప్పుడు మోసుకొచ్చేది యంత్రం. ఒక పాట దగ్గర మనం ఎన్ని సెకన్లు ఆగామో అది లెక్కపెడుతుంది. అలాగే ఆగిన ఇంకొందరు తరవాత ఏం విన్నారో చూసి, దాన్ని మన ముందు పెడుతుంది. దానికి భాష తెలియదు, దేశం తెలియదు, కాలం కూడా తెలియదు. మన దృష్టిని పట్టి నిలపడం, ఆ దృష్టిని ప్రకటనలకు అమ్ముకోవడం — ఇంతవరకే దాని పని. అందువల్ల "కొత్త పాట" అన్న మాటకే అర్థం మారిపోయింది. ఆ పిల్ల కొత్త పాట అని నాకు చూపించిన వాటిలో ఒకటి మత్సుబర మికి అనే గాయని పాడిన "మయొనక నొ దొఆ". విచారిస్తే అది 1979లో వచ్చిన పాట. ఆ గాయని 2004లో చనిపోయింది. పాట మాత్రం 2020లో ఈ యంత్రాల పుణ్యాన ప్రపంచమంతా తిరిగి, దివిసీమకు కొత్త పాటగా చేరింది. వయసులో నాకంటే పెద్దదైన పాటను నా విద్యార్థిని నాకు కొత్తదని పరిచయం చేసిందన్నమాట.

జపాను వైపు చరిత్ర కూడా కొంత తెలుసుకోవాలి. ఆ దేశపు సంగీత విపణి అమెరికా తరవాత ప్రపంచంలో రెండవది. సొంత శ్రోతలే అంతమంది ఉన్నప్పుడు బయటివారి అవసరం కంపెనీలకు కలగలేదు. "జె-పాప్" అనే పేరు కూడా 1980ల చివర టోక్యోలోని జె-వేవ్ అనే ఎఫ్.ఎం. రేడియో వాడుకలోకి తెచ్చిందే. అంతకుముందు ఆ తరహా పాటలను వాళ్లు "కయోక్యొకు" అనేవాళ్లు. లోకమంతా పాటలను అంతర్జాలంలో వింటున్న రోజుల్లో కూడా అక్కడి కంపెనీలు సి.డి.లు అమ్ముకుంటూ, తమ పాటలు ఉచితంగా ఎవరి చెవినా పడకుండా చాలాకాలం కాపలా కాశాయి. ఆ గట్టు ఇటీవలనే తెగింది. 2019 డిసెంబరులో వచ్చిన "యొరు ని కకెరు" అనే పాట, సి.డి.గా విడుదల కాకుండానే, 2020 సంవత్సరానికి బిల్‌బోర్డ్ జపాను పట్టికలో మొదటి స్థానంలో నిలిచింది. గట్టు తెగాక నీరు ఏ కాలవలోకి వెళుతుందో ఎవరు చెప్పగలరు? కొంత నీరు కృష్ణ చివరి పాయల దాకా వచ్చింది.

కాబట్టి పెద్దాయన మాటలో నిజముంది. ఈ పాట మన దగ్గరికి సరుకుగానే వచ్చింది. కాని సరుకుగా వచ్చిందన్నంత మాత్రాన అది సరుకు మాత్రమే అయిపోదు. మన సినిమా పాట కూడా సరుకుగానే పుట్టింది. అందులోనే శ్రీశ్రీ తన మాట చెప్పగలిగాడు. సరుకు లోపల మనిషి చేసిన శ్రమ ఉంటుంది, మనిషి పడిన బాధ ఉంటుంది. దాన్ని వెదకడమే విమర్శకుడి పని.

2

రెండవది "బాగుంటుంది" అన్న మాట. అర్థం తెలియకుండా ఎందుకు బాగుంటుంది? తూనిక మంచిది, వాద్యాలు బాగున్నాయి అంటే చాలదు. ఆ పిల్ల ఆ పాటను వినడమే కాదు, తప్పులు పోకుండా పాడుతోంది. ఇంగ్లీషు పాట పాడమంటే తడబడే నోరు జపాను పాటను సులువుగా అందుకుంది. ఇది నన్ను ఆశ్చర్యపరిచింది. తెలుగు ఎం.ఏ. చదివినవాణ్ణి కనుక కారణం ఛందస్సులో వెదికాను. దొరికింది.

తెలుగు అజంత భాష. మన మాటలు అచ్చుతో ముగుస్తాయి. జపాను భాష కూడా దాదాపు అంతే. అక్కడ మాట చివర అచ్చు గాని, మన సున్న వంటి నకారం గాని వస్తుంది. హల్లుల గుంపులు అక్కడ లేవు. ఉన్నవల్లా ద్విత్వాలు, య-కారం చేరిన అక్షరాలు, సున్న. హ్రస్వదీర్ఘాల తేడా మనకు ఎంత ముఖ్యమో వారికీ అంతే. మనకు "పలక" వేరు, "పాలక" వేరు. వారికి "ఒబసాన్" అంటే పిన్ని. "ఒబాసాన్" అంటే నాయనమ్మ. "కితె" వేరు, "కిత్తె" వేరు. పైగా హిందీ లిపిలో సహజంగా కుదరని ఎ-ఏ, ఒ-ఓ భేదం మన లిపిలో ఉంది కనుక జపాను మాటను తెలుగులో రాసుకుంటే పలుకు చెడదు. వారి అక్షరమాల వరస అ-ఇ-ఉ-ఎ-ఒ అని మొదలై, క-స-త-న-హ-మ-య-ర-వ అని సాగుతుంది. మన వర్ణమాల క్రమమే ఇది. బౌద్ధ భిక్షువులు సంస్కృత విద్యతో పాటు దీన్ని అంత దూరం తీసుకువెళ్లారు.

అన్నిటికంటె ముఖ్యమైనది మాత్ర. జపాను పద్యం అక్షరాలను కాక కాలాన్ని లెక్కిస్తుంది. హ్రస్వానికి ఒకటి, దీర్ఘానికి రెండు, సున్నకు ఒకటి, ద్విత్వంలో ఆగే హల్లుకు ఒకటి. ఇది మన మాత్రా ఛందస్సు కాక మరేమిటి? టోక్యో అన్న మాట మనకు రెండు గురువులు, అంటే నాలుగు మాత్రలు. జపానువారి లెక్కలోనూ నాలుగే. ఓసక అన్నది ఒక గురువు, రెండు లఘువులు. మనకు నాలుగు, వారికీ నాలుగు. వారు తమ దేశాన్ని పిలుచుకునే నిప్పొన్ అన్న మాటకూ అంతే. 1990లలో మనవాళ్లు హైకూలు రాసినప్పుడు 5-7-5 అన్న లెక్కను అక్షరాలుగా పాటించాలా, వదిలేయాలా అని తర్జనభర్జన పడ్డారు. నా అభిప్రాయంలో ఆ లెక్కకు దగ్గరి తెలుగు కొలత అక్షరం కాదు, మాత్ర. ఈ సంగతి నేను ఏ పుస్తకంలోనూ చూసి తెలుసుకోలేదు. కుళాయి దగ్గర పిల్ల పాడుతుంటే వేళ్ల మీద లెక్కపెట్టుకుని తెలుసుకున్నాను.

"బాగుంటుంది" అన్న మాట వెనక వెర్రి లేదు. నోటికి తెలిసిన నడక ఉంది.

3

ఇక మూడవది, అన్నిటికంటె బరువైనది: "అర్థం తెలీదు."

అర్థం తెలియని పాటను ప్రేమించడం మన ప్రాంతానికి కొత్త కాదు. మొవ్వ క్షేత్రయ్య పదిహేడో శతాబ్దంలో మధుర తిరుమల నాయకుని ఆస్థానానికీ, తంజావూరు విజయరాఘవ నాయకుని కొలువుకూ, గోలకొండకూ తన పదాలను తీసుకువెళ్లాడు. ఆ పదాలను తరవాతి శతాబ్దాల్లో కాపాడినవారిలో ముఖ్యులు తమిళ దేశపు దేవదాసీ కుటుంబాల స్త్రీలు. వీణ ధనమ్మాళ్ ఇంట, బాలసరస్వతి అభినయంలో మువ్వగోపాలుడు బతికాడు. వారిలో పదం భావాన్ని కూలంకషంగా తెలుసుకుని పాడినవారున్నారు. ఎదుట కూర్చుని విన్నవారిలో తెలుగు రానివారు వేలమంది. కృష్ణా తీరపు పాట కావేరీ తీరంలో పరాయి చెవులకు బాగుంది. మన పాట పరాయివారికి బాగుంటే కీర్తి అని, పరాయి పాట మనకు బాగుంటే వెర్రి అని అనడం న్యాయం కాదు.

బందరు రేవు నుంచి వెళ్లింది పాట ఒక్కటే కాదు. పదిహేడో శతాబ్దం తొలి ఏళ్లలో డచ్చివారు ఇక్కడ వర్తకశాల పెట్టారు. కోరమాండల్ తీరపు అద్దకం బట్టలు వారి ఓడల్లో నాగసాకి చేరాయి. జపానులో వాటిని "సరస" అన్నారు. చిన్న ముక్కను కూడా వృథా చేయకుండా తేనీటి వేడుకలో వాడే పాత్రలకు సంచులు కుట్టుకున్నారు. ఆ బట్ట మీది తీగకు మన అద్దకంవాడు ఏ పేరు పెట్టాడో వారికి తెలియదు. బట్ట వెళ్లింది, పేరు ఇక్కడే ఉండిపోయింది. నిన్నగాక మొన్న, 2022 అక్టోబరులో "ఆర్.ఆర్.ఆర్." సినిమా జపానులో విడుదలైనప్పుడు చంద్రబోస్ రాసిన "నాటు నాటు" పాటకు అక్కడి ప్రేక్షకులు కాలు కదిపారు. "నాటు" అంటే ఏమిటో, ఆ మాట వెనక ఏ పల్లె ఉందో, ఏ అవమానం ఉందో, ఏ ఆత్మాభిమానం ఉందో ఎందరికి తెలిసి ఉంటుంది?

పాట స్వభావమే ఇది. అది ముందు రాగంతో బయలుదేరుతుంది. అర్థం వెనక నడిచి వస్తుంది. ఒక్కోసారి రానే రాదు. రాకపోతే ఏమవుతుందో చెప్పడానికి జపాను పాటల చరిత్రలోనే గొప్ప ఉదాహరణ ఉంది.

1960లో అమెరికా-జపాను భద్రతా ఒప్పందాన్ని వ్యతిరేకిస్తూ లక్షలాది జనం టోక్యో వీధుల్లోకి వచ్చారు. జూన్ 15న పార్లమెంటు దగ్గర జరిగిన ఘర్షణలో ఒక విద్యార్థిని ప్రాణాలు కోల్పోయింది. ఒప్పందం మాత్రం ఆగలేదు. ఆ ప్రదర్శనల్లో పాల్గొన్న ఎయ్ రొకుసుకె అనే రచయిత ఆ ఓటమి బాధలోంచి ఒక పాట రాశాడు. నకముర హచిదాయ్ స్వరపరిచాడు. 1961లో సకమొతొ క్యూ అనే యువకుడు పాడాడు. పాట పేరు "ఉఎ ఒ ముయితె అరుకో". ఒంటరిగా నడిచిపోతూ కన్నీరు జారకుండా తల పైకెత్తుకునే మనిషి పాట అది. ఉద్యమం పేరు అందులో ఎక్కడా ఉండదు. అది పడమటి దేశాలకు వెళ్లింది. అసలు పేరు నోరు తిరగదని ఇంగ్లాండు రికార్డు కంపెనీ దానికి "సుకియాకి" అని పేరు పెట్టింది. అదొక మాంసపు కూర పేరు. పాటకూ కూరకూ ఏ సంబంధమూ లేదు. ఆ పేరుతోనే అది 1963 జూనులో అమెరికా పట్టికలో మూడు వారాలు మొదటి స్థానంలో ఉంది. ఏ దేశపు ఒప్పందానికి వ్యతిరేకంగా జనం ఓడిపోయారో, ఆ దేశమే ఆ ఓటమి పాటను ఒక వంటకం పేరుతో ఆనందంగా విన్నది. అర్థం రేవు దాటకపోతే జరిగేది ఇదీ.

ఆ పాట కథ అక్కడితో ముగియలేదు. 2011లో సునామి వచ్చినప్పుడు జపానువాళ్లు ధైర్యం కోసం మళ్లీ ఆ పాటనే అందుకున్నారు. అర్థం తెలిసినవారి దగ్గర పాటకు చావు లేదు.

దీనికి మరోవైపు కూడా ఉంది. పైన చెప్పిన "యొరు ని కకెరు" పాటను యొఆసొబి అనే జంట చేసింది. అయసె స్వరకర్త, ఇకుర గాయని. కథలను పాటలుగా మలచాలన్న సంకల్పంతోనే ఈ జంట ఏర్పడిందంటే మన రచయితలకు ఆసక్తి కలగాలి. ఈ పాటకు మూలం హొషినొ మయొ రాసిన చిన్న కథ. మరణం వైపు ఆకర్షితురాలైన ఒక అమ్మాయి, ఆమెను ఆపడానికి మేడమెట్లు పరుగున ఎక్కే యువకుడు, చివరికి అతణ్ణి కూడా ఆ ఆకర్షణే లాక్కుపోవడం — ఇదీ వస్తువు. పాట నడక మాత్రం ఉల్లాసంగా ఉంటుంది. మా పదో తరగతి మగపిల్లలు బస్సులో దాన్ని హుషారుగా పాడుకోవడం విన్నాను. కథ తెలిశాక గుండె ఝల్లుమంది. పరీక్షల ఫలితాలు వచ్చే రోజుల్లో మనం పేపర్లలో ఏం చదువుతున్నామో మనకు తెలుసు. పాడొద్దని చెబితే చాటుగా పాడతారు. అందుకని మర్నాడు తరగతిలో ఆ కథ చెప్పాను. రూపం ఉల్లాసంగా ఉండి సారం విషాదమైతే ఆ వైరుధ్యం ఏం చెబుతోందని అడిగాను. వెనక బెంచీ కుర్రాడొకడు, "లోపల ఏడుస్తూ పైకి నవ్వేవాడు ఉంటాడు కదా సార్, వాడి పాట అది" అన్నాడు. అలాంటివాడు పక్కన ఉంటే మనం ఏం చెయ్యాలన్న మాట మీద ఆ గంటంతా గడిచింది. సంధులు చెప్పలేదు. అది నష్టమని నేననుకోను.

4

ఇప్పుడు కుళాయి దగ్గరి పాటకు వస్తాను.

దాని పేరు "సుజుమె". అంటే పిచ్చుక. షింకాయ్ మకొతొ తీసిన అదే పేరు గల బొమ్మల సినిమాకు రాడ్‌వింప్స్ బృందం చేసిన పాట అది. నోద యోజిరో రాశాడు. తొఅక అనే కొత్త గాయని పాడింది. పాట 2022 సెప్టెంబరులోను, సినిమా నవంబరులోను వచ్చాయి. సినిమా మన దేశంలో 2023 ఏప్రిల్ 21న విడుదలైంది. ఆ పిల్ల సినిమా చూడలేదు. నేను చూశాను. పాట మాటల్లో సునామి ఊసు లేదు. సినిమా మొత్తం దాని గురించే.

సుజుమె పదిహేడేళ్ల పిల్ల. పిన్ని దగ్గర పెరుగుతుంది. 2011 మార్చి 11న, నాలుగేళ్ల వయసులో, తల్లిని పోగొట్టుకుంది. ఆ రోజు భూకంపం, సునామీల్లో చనిపోయినవారు, జాడ తెలియనివారు కలిసి 18 వేలకు పైగా ఉన్నారు. తల్లి చేసిచ్చిన చిన్న కుర్చీకి ఒక కాలు ఆ నీటిలో పోయింది. మూడు కాళ్ల కుర్చీ మిగిలింది. సుజుమె చిన్ననాటి బొమ్మల డైరీలో మార్చి 11 నుంచి పేజీలన్నీ నల్లగా పులిమి ఉంటాయి. మాటలు రాని వయసులో దుఃఖాన్ని రాసుకున్న తీరు అది. ఆమె దేశమంతా తిరుగుతూ, జనం వదిలేసిన శిథిలాల్లో తెరుచుకున్న తలుపులను మూయాలి. మూయాలంటే ఒక షరతు ఉంది. అక్కడ ఒకప్పుడు బతికినవారి మాటలు చెవిన పడేదాకా వారిని తలుచుకోవాలి. వినబడే మాటలు గొప్పవి కావు. పొద్దున్నే ఇంట్లో అనుకునే మాటలు. చివరి తలుపు దగ్గర, ఆ మార్చి 11 ఉదయాన ఇళ్ల నుంచి బయలుదేరినవాళ్లు గడపలో అన్న మాట మళ్లీ మళ్లీ వినిపిస్తుంది. జపానులో ఇంట్లోంచి వెళ్లేటప్పుడు తప్పక అనే మాట అది: "ఇత్తె కిమాసు."

"ఇత్తె" అంటే వెళ్లి. "కిమాసు" అంటే వస్తాను. వెళ్లొస్తాను!

ఇది అనువాదం కాదు. రెండు భాషల్లోనూ ఉన్నది ఒకే మాట, ఒకే కట్టు, ఒకే భయం. మనం గడప దాటుతూ "వెళతాను" అనం. ఎవరైనా అంటే పెద్దవాళ్లు "వెళ్లొస్తాననరా" అని దిద్దుతారు. ఇంట్లోవాళ్లు "వెళ్లి రా" అంటారు. వారూ సరిగ్గా అదే అంటారు. వెళ్లినవాడు తిరిగి రాకపోవచ్చన్న ఎరుక నుంచి పుట్టిన మర్యాద ఇది. సముద్రం పక్కన బతికేవారికి ఈ మర్యాద మరీ అవసరం.

మన తీరానికి ఈ సంగతి ఎవరూ చెప్పనక్కరలేదు. 1864 నవంబరు 1న వచ్చిన తుపాను ఉప్పెనలో బందరులోను చుట్టుపక్కల ముప్పైవేలమంది దాకా చనిపోయారు. 1977 నవంబరు 19, శనివారం, దివిసీమ మీదికి వచ్చిన ఉప్పెనలో పదివేలమందికి పైగా పోయారు. 2004 డిసెంబరు 26న సునామి మంగినపూడి తీరంలోనూ ప్రాణాలు తీసింది. సునామి అన్న మాట మనలో చాలామంది మొదటిసారి విన్నది ఆ రోజునే. "త్సు" అంటే రేవు, "నమి" అంటే అల. రేవు అల. బందరు అన్న పారసీ మాటకు అర్థం కూడా రేవే. గాలి తెచ్చే ఉప్పెన వేరు, భూకంపం తెచ్చే సునామి వేరు; శాస్త్రం రీత్యా రెండూ ఒకటి కావు. గడపలో నిలబడి ఎదురుచూసేవారికి మాత్రం రెండూ ఒకటే. పాటల కంటె ముందు జపాను నుంచి మా రేవుకు వచ్చిన మాట ఇది.

ఇదంతా నేను ఆ పిల్లకు చెప్పాను. కాసేపు మాట్లాడలేదు. తరవాత, "మా నాయనమ్మ వాళ్లది నాగాయలంక దగ్గర సార్. ఉప్పెనలో వాళ్ల అన్నయ్య పోయాడంట" అంది. ఎలా పోయాడని అడిగితే తెలియదంది. ఎప్పుడూ అడగలేదట. ఇంట్లో ఎవరూ చెప్పలేదట.

ఒక సెలవురోజు వారింటికి వెళ్లాను. పెద్దామెకు డెబ్బై దాటింది. మనవరాలు పాట పాడి వినిపించి, తనకు తెలిసినంతలో కథ చెప్పింది. ఆమె విని, "ఆ దేశంలోనూ ఉప్పెన వచ్చిందా?" అంది. "ఏడుపు పాట అంటున్నావు, జోల పాడినట్టుందే" అని కూడా అంది. ఆ తరవాత మేం అడక్కుండానే చెప్పడం మొదలుపెట్టింది. శనివారం పొద్దున్నే గాలి మొదలైందట. పశువుల్ని విప్పడానికి అన్న చేలోకి బయలుదేరాడట. వద్దంటే వినలేదట. "యెల్లొత్తానన్నాడు బాబూ. ఆ మాట అనే యెల్లాడు" అంది. అంతకు మించి చెప్పలేదు. మనవరాలు పక్కన కూర్చుని ఆమె చెయ్యి పట్టుకుంది. ఆ మాట ఆ పిల్ల పుట్టి పద్నాలుగేళ్లయ్యాక, జపాను నుంచి తిరిగి వచ్చి, తన ఇంట్లోనే వినబడింది.

5

ఇందులో మనం సిగ్గుపడవలసిన విషయం ఒకటుంది. ఆ సోమవారం నా తరగతిలో అడిగాను: ఉప్పెన మీద ఒక్క పాటైనా ఎవరికైనా వచ్చా? ముప్పైమంది పిల్లలు. అందరూ దివిసీమవాళ్లే. ఒక్కరికీ రాలేదు. అప్పట్లో మన కవులు రాయలేదని కాదు. రాశారు, సభల్లో చదివారు, అచ్చువేశారు. అవి పుస్తకాల్లో ఉండిపోయాయి. పిల్లల నోటికి చేరలేదు. చేర్చే బాధ్యత ఉన్న నావంటి ఉపాధ్యాయుడు ఇన్నేళ్లలో చేర్చలేదు. పన్నెండేళ్లలోపే జపాను తన సునామిని పిల్లలు చూసే బొమ్మల సినిమాగా, పిల్లలు పాడే పాటగా మలచుకోగలిగింది. అందులో వ్యాపారం లేదని అనను. ఉంది. కాని ఆ కళాకారులు వ్యాపారం లోపల కూర్చునే మృతుల మాట చెవిన పెట్టారు. మనకు వ్యాపారం అడ్డు లేని చిన్న పత్రికలున్నాయి, సంఘాలున్నాయి, బడులున్నాయి. మనం ఏం విన్నాం?

కాబట్టి రచయితలకు, సాహిత్య విద్యార్థులకు మూడు మాటలు మనవి చేస్తాను. మొదటిది, పిల్లలు పాడుతున్నది ముందు వినండి. విన్న తరవాత తిట్టవలసి వస్తే తిట్టండి. యంత్రం పాటను మోసుకొస్తుంది గాని దాని పుట్టుకను, చరిత్రను మోసుకురాదు. ఆ లోటు పూడ్చడం ఇవాళ విమర్శకు కొత్తగా పడిన పని. రెండవది, అనువాదం. జపాను మాత్రా, మన మాత్రా ఇంత దగ్గరగా ఉన్నప్పుడు, ఆ పాటలను అదే నడకలో పాడుకునేలా తెలుగు చేయడం సాధ్యమే. మనవాళ్లు హైకూను ఇంగ్లీషు గుండా తెచ్చుకున్నారు. పాటనైనా నేరుగా తెచ్చుకోవచ్చు. భాష నేర్చుకునే ఓపిక ఉన్న యువకులు ముందుకు రావాలి. మూడవది, దివిసీమలో ఉప్పెనను చూసినవారు ఇంకా ఉన్నారు. వారిలో అరవై దాటినవారు, డెబ్బై దాటినవారు ఉన్నారు. వారి దగ్గర కూర్చుని అడిగేవారు కావాలి. వారు చెప్పేది పెద్ద కథ కానక్కరలేదు. శనివారం పొద్దున ఎవరు ఏ పని మీద వెళ్లారు, గడపలో ఏమన్నారు — అంతే చాలు. పాట అక్కడి నుంచే పుడుతుంది.

ఆ పిల్ల ఇప్పుడు కూడా కుళాయి దగ్గర అదే పాట పాడుతుంది. పాటలో ఏ మార్పూ లేదు. పక్కనున్న పిల్లలు అర్థమేమిటని అడిగితే మాత్రం "తెలీదు" అనడం లేదు. పళ్లెం పక్కన పెట్టి, నాయనమ్మ అన్నయ్య దగ్గర మొదలుపెట్టి చెబుతోంది. పాట దానంతటదే వచ్చిందని ఆ పిల్ల అన్న మాటను ఇప్పుడు నేను కాదనను. అర్థం మాత్రం దానంతటది రాదు. దాన్ని రేవులో దింపి ఇంటింటికీ చేర్చవలసినవాళ్లం మనమే.